లైనక్స్‌ను సోర్స్ కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ చేస్తున్నారా? 'ఒక్క లైనే కదా' అని వదిలేస్తే మొదటికే మోసం!

ఉబుంటు, ఫెడోరా, డెబియన్.. రెడీమేడ్ లైనక్స్‌లకు కొదవే లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి, నాలుగు బటన్లు నొక్కితే అరగంటలో ఇన్‌స్టాల్ అయిపోతుంది. కానీ కొందరికి అది చాలదు. లోపల ఏముందో తెలియాలి. ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో చూడాలి. అలాంటివాళ్లు పట్టే దారి 'లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్'. పొట్టిగా ఎల్ఎఫ్ఎస్. కంపైలర్ నుంచి కెర్నల్ దాకా ప్రతి ప్యాకేజీనీ సోర్స్ కోడ్ నుంచి మనమే బిల్డ్ చేసుకోవడం అన్నమాట.

ఇక్కడే ఓ విచిత్రం ఉంది. 'నా సిస్టమ్ నా ఇష్టం' అనుకుని ఈ దారిలోకి వచ్చినవాళ్లకు ఎదురయ్యే మొదటి సలహా.. 'పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెయ్యండి'. స్వేచ్ఛ కోసం వస్తే ఈ రూల్స్ ఏంటి? ఒక్క లైన్ మారిస్తే నిజంగా అంత ప్రమాదమా? ప్రమాదమే. కొన్నిచోట్ల అయితే కొత్త సిస్టమ్ రాకపోవడమే కాదు, ఉన్న సిస్టమ్ కూడా పోతుంది. అదెలాగో చూద్దాం.

అసలు ఏంటీ ఎల్ఎఫ్ఎస్?

ఎల్ఎఫ్ఎస్ అంటే డౌన్‌లోడ్ చేసుకుని ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ కాదు. అదొక పుస్తకం. ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. 1998లో తన మొదటి లైనక్స్ ఇన్‌స్టాల్ చేసుకున్న గెరార్డ్ బీక్‌మన్స్‌కు రెడీమేడ్ డిస్ట్రోలు పూర్తిగా నచ్చలేదు. సొంతంగా బిల్డ్ చేసుకోవడం మొదలుపెట్టి, ఆ పద్ధతిని రాసి పెట్టారు. అలా 1999లో ఈ ప్రాజెక్టు మొదలైంది. తర్వాత వాలంటీర్లు దాన్ని ముందుకు తీసుకెళ్లారు. కొన్నేళ్లుగా మార్చిలో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి చొప్పున ఏడాదికి రెండు ఎడిషన్లు వస్తున్నాయి.

కావాల్సినవి ఏంటంటే.. ఇప్పటికే లైనక్స్ నడుస్తున్న ఒక కంప్యూటర్. దీన్ని హోస్ట్ అంటారు. ఖాళీ పార్టిషన్ కనీసం 10 జీబీ, భవిష్యత్తు అవసరాలకు కూడా చూసుకుంటే 30 జీబీ. నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉంటే మంచిదని పుస్తకం చెబుతోంది. వీటితో పాటు చాలా ఓపిక.

టైమ్ ఎంత పడుతుందనేది మీ మెషీన్‌ను బట్టి ఉంటుంది. అందుకే పుస్తకం నిమిషాల్లో చెప్పదు. 'ఎస్‌బీయూ' అనే సొంత కొలత పెట్టుకుంది. మొదటి ప్యాకేజీ అయిన బైన్‌యుటిల్స్ మీ మెషీన్ మీద బిల్డ్ కావడానికి పట్టే సమయమే ఒక ఎస్‌బీయూ. అది 3 నిమిషాలైతే, 10 ఎస్‌బీయూలు అని రాసిన ప్యాకేజీకి అరగంట వేసుకోవాలి.

ఈ వరుస ఎందుకు? సెంట్రింగ్ లెక్క ఇదీ!

కొత్తవాళ్లకు వచ్చే మొదటి డౌట్.. చేసిందే మళ్లీ మళ్లీ ఎందుకు చేయాలి? పుస్తకం ప్రకారం వెళ్తే బైన్‌యుటిల్స్ మూడుసార్లు, జీసీసీ కంపైలర్ మూడుసార్లు, జీలిబ్‌సీ రెండుసార్లు బిల్డ్ చేయాల్సి వస్తుంది. 'ఒకసారి చేశాం కదా, రెండోది వదిలేద్దాం' అనుకుంటే అక్కడే బోల్తా పడతారు.

ఇంటికి స్లాబ్ వేసేటప్పుడు ముందు సెంట్రింగ్ కొడతారు. స్లాబ్ గట్టిపడ్డాక దాన్ని తీసేస్తారు. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. మొదటి జీసీసీని హోస్ట్‌లో ఉన్న కంపైలర్‌తో తయారుచేస్తారు. అది హోస్ట్ మీద నడుస్తుంది, కానీ కొత్త సిస్టమ్ కోసమే కోడ్ తయారుచేస్తుంది. దాంతో జీలిబ్‌సీని, మిగతా తాత్కాలిక టూల్స్‌ను కడతారు. రెండో జీసీసీ కొత్త సిస్టమ్ లోపల నడవడానికి. 'సీహెచ్ రూట్' అనే కమాండ్‌తో ఆ కొత్త లోకంలోకి వెళ్లాక, అక్కడ బిల్డ్ చేసే మూడోదే అసలైన, శాశ్వతమైన జీసీసీ. హోస్ట్ వాసన కొత్త సిస్టమ్‌కు అంటకుండా ఉండాలన్నదే ఈ కష్టం అంతటికీ కారణం.

మొదటి జీసీసీకి ఇచ్చే ఆప్షన్లు చూస్తే కొందరికి చేతులు ఊరుకోవు. షేర్డ్ లైబ్రరీలు వద్దు, థ్రెడ్లు వద్దు, హెడర్లు లేవనుకో.. అని రాసి ఉంటుంది. 'ఇన్ని ఫీచర్లు ఎందుకు ఆపేయాలి, ఆన్ చేద్దాం' అని ఆ పదాలు తీసేస్తే బిల్డ్ మధ్యలో ఆగిపోతుంది. ఎందుకంటే ఆ దశలో కొత్త సిస్టమ్‌కు సీ లైబ్రరీ ఇంకా పుట్టనే లేదు. లేనిదాని మీద ఆధారపడే ఫీచర్ ఎలా పనిచేస్తుంది? ఈ వివరణ కూడా పుస్తకంలోనే, కమాండ్ కిందే ఉంటుంది. చాలామంది కమాండ్ కాపీ చేసుకుని కింద ఉన్న పేరా చదవరు. సమస్య అంతా అక్కడే.

ఉన్న సిస్టమ్‌నే మింగేసే పొరపాటు

ఇది అన్నింటికంటే ముఖ్యమైంది. పుస్తకంలో సీహెచ్ రూట్‌లోకి వెళ్లేదాకా చాలా కమాండ్లలో 'ఎల్ఎఫ్ఎస్' అనే వేరియబుల్ కనిపిస్తుంది. కొత్త సిస్టమ్ ఏ ఫోల్డర్‌లో తయారవుతోందో అది చెబుతుంది. టెర్మినల్ మూసి మళ్లీ తెరిచినా, రూట్ యూజర్‌గా మారినా, కంప్యూటర్ రీస్టార్ట్ అయినా ఆ వేరియబుల్ ఖాళీ అయిపోవచ్చు.

ఖాళీ అయితే ఏమవుతుంది? కమాండ్ ఎర్రర్ ఇవ్వదు. 'ఎల్ఎఫ్ఎస్ కింద ఉన్న యూఎస్ఆర్ ఫోల్డర్' అనే మాట కాస్తా ఉత్త 'యూఎస్ఆర్ ఫోల్డర్' అయిపోతుంది. అంటే మీ హోస్ట్ సిస్టమ్ అసలు ఫోల్డర్! కొత్త జీలిబ్‌సీ వెళ్లి హోస్ట్‌లోని జీలిబ్‌సీ మీద కూర్చుంటే, ఆ కంప్యూటర్‌లో 'ఎల్ఎస్' లాంటి చిన్న కమాండ్ కూడా నడవకపోవచ్చు. ఈ విషయాన్ని పుస్తకం ప్రత్యేకంగా హెచ్చరికగా రాసింది.

దీనికి పుస్తకం రెండు కాపలాలు పెట్టింది. ఒకటి.. వేరియబుల్ విలువను ఎప్పటికప్పుడు ఎకో కమాండ్‌తో చూసుకోవడం. రెండోది.. సీహెచ్ రూట్‌కు ముందు కట్టే తాత్కాలిక టూల్స్‌ను రూట్‌గా కాకుండా 'ఎల్ఎఫ్ఎస్' అనే మామూలు యూజర్‌గా బిల్డ్ చేయడం. మామూలు యూజర్‌కు హోస్ట్ ఫోల్డర్లలో రాసే అనుమతి ఉండదు కాబట్టి, పొరపాటు జరిగినా 'పర్మిషన్ డినైడ్' అని ఆగిపోతుంది. 'ప్రతిసారీ యూజర్ మారడం ఎందుకు, అంతా రూట్‌లోనే కానిచ్చేద్దాం' అనుకునేవాళ్లు ఆ కాపలాను తామే తీసేసినట్టు.

పార్టిషన్ ఫార్మాట్ చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త. పేరులో ఒక్క అంకె తేడా వస్తే కాలేజీ ప్రాజెక్టు, ఇంట్లో ఫొటోలు ఉన్న పార్టిషన్ తుడిచిపెట్టుకుపోతుంది. ఇంట్లో ఉన్నది ఒకే ల్యాప్‌టాప్ అయితే మొదటిసారి వర్చువల్ మెషీన్‌లో ప్రయత్నించడమే మేలు. అక్కడ ఏం పాడైనా స్నాప్‌షాట్‌తో వెనక్కి రావొచ్చు.

చిన్న లైన్లే.. పెద్ద పని!

పైకి అవసరం లేనట్టు కనిపించే లైన్లు పుస్తకంలో చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఇవీ:

• హోస్ట్ చెకింగ్ స్క్రిప్ట్: మొదట్లోనే నడపమంటారు. ఉబుంటులో 'ఎస్‌హెచ్' అంటే డ్యాష్ షెల్. పుస్తకానికి కావాల్సింది బ్యాష్. 'ఆక్' అంటే జీఆక్ ఉండాలి, 'యాక్' అంటే బైసన్ ఉండాలి. ఈ తేడాలు ఇప్పుడు సరిచేసుకోకపోతే, ఎక్కడో మధ్యలో సంబంధం లేని ఎర్రర్‌గా బయటపడతాయి.

• 'సెట్ ప్లస్ హెచ్': ఎల్ఎఫ్ఎస్ యూజర్ సెట్టింగ్స్‌లో ఉండే చిన్న లైన్. బ్యాష్ ఒకసారి వాడిన ప్రోగ్రామ్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. ఈ లైన్ ఆ అలవాటును మాన్పిస్తుంది. లేకపోతే కొత్త టూల్ సిద్ధమయ్యాక కూడా షెల్ పాతదాని దగ్గరికే వెళ్తుంది.

• సోర్స్ ఫోల్డర్ డిలీట్ చేయడం: ఒక ప్యాకేజీ పూర్తి కాగానే దాని ఫోల్డర్ తీసేసి, మళ్లీ అవసరమైనప్పుడు టార్‌బాల్ నుంచి కొత్తగా విప్పుకోవాలి. జీసీసీ మొదటి బిల్డ్ ఫోల్డర్‌లోనే రెండోది కూడా చేస్తే పాత సెట్టింగ్స్ దూరిపోతాయి.

• శానిటీ చెక్: ఖాళీ ప్రోగ్రామ్ ఒకటి కంపైల్ చేసి, అది ఏ లోడర్‌ను అడుగుతోందో చూడటం. నిమిషం కూడా పట్టదు. తేడా వస్తే అక్కడే ఆగాలి. ఆగకుండా ముందుకెళ్తే పేకమేడ కట్టినట్టే.

• ఈఓఎఫ్ బ్లాకులు: కాన్ఫిగరేషన్ ఫైళ్లు రాసే చోట మొదటి ఈఓఎఫ్‌కు కోట్స్ ఉంటాయి. చివరి ఈఓఎఫ్ ముందు ఖాళీ ఉండకూడదు. ఉంటే షెల్ ఇంకా ఏదో రాస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

'లేటెస్ట్ వెర్షన్ వేస్తే ఇంకా మంచిది కదా?'

కాదు. పుస్తకంలో ప్రతి ప్యాకేజీకీ వెర్షన్ నంబర్ రాసి ఉంటుంది. ఆ వెర్షన్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయని ఎడిటర్లు బిల్డ్ చేసి చూశారు. ఒకటి మారిస్తే ఆ హామీ పోతుంది.

దీనికి ఈమధ్యే రెండు మంచి ఉదాహరణలు వచ్చాయి. 2024 మేలో వచ్చిన జీసీసీ 14.. ముందుగా డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను వాడితే వార్నింగ్‌తో సరిపెట్టకుండా ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఏళ్లుగా కంపైల్ అవుతున్న పాత ప్రోగ్రామ్‌లు కొన్ని ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన జీసీసీ 15.. సీ23 ప్రమాణాన్ని డీఫాల్ట్‌గా చేసింది. దాంతో బ్రాకెట్లు ఖాళీగా వదిలిన పాత తరహా ఫంక్షన్ డిక్లరేషన్లకు అర్థమే మారిపోయింది. 'బూల్' అనే పేరును సొంతంగా వాడుకున్న కోడ్ కూడా దెబ్బతింది. తప్పు కంపైలర్‌ది కాదు, ఆ ప్యాకేజీలదీ పూర్తిగా కాదు. రెండూ వేర్వేరు కాలాలవి, అంతే. ఈ జోడీలు కుదిర్చే పని పుస్తకం ముందే చేసి పెడుతుంది.

పాత వీడియోలతోనూ ఇదే ఇబ్బంది. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన 10.0 ఎడిషన్‌తో బిల్డ్ పద్ధతే చాలావరకు మారింది. అంతకుముందు తీసిన వీడియో చూస్తూ ఇప్పటి పుస్తకం కమాండ్లు కొడితే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఏదో ఒక ఎడిషన్ పట్టుకుని, చివరిదాకా దాంట్లోనే ఉండాలి.

ఎర్రర్ వచ్చిందా? చివరి లైన్ చూడొద్దు

బిల్డ్ ఆగిపోగానే చాలామంది స్క్రీన్ మీద చివర్లో కనిపించే 'ఎర్రర్ 2' అనే లైన్ పట్టుకుని వెతుకుతారు. నిజానికి అది 'పని కాలేదు' అనే కబురు మాత్రమే. అసలు కారణం దానికంటే చాలా పైన ఉంటుంది. లాగ్‌లో మొట్టమొదటి ఎర్రర్ ఎక్కడుందో చూడాలి. అందుకే బిల్డ్ అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి సేవ్ చేసుకోవడం మంచి అలవాటు.

ఒకేసారి ఎక్కువ పనులు నడపమని 'మేక్'కు చెప్పేటప్పుడు పక్కన అంకె ఇవ్వడం మర్చిపోతే, అది లెక్కలేనన్ని పనులు మొదలెట్టేసి ర్యామ్ మొత్తం తినేస్తుంది. అప్పుడు కెర్నల్ కంపైలర్‌నే చంపేస్తుంది. స్క్రీన్ మీద 'కిల్డ్' అని కనిపిస్తే కోడ్‌లో తప్పుందని కంగారు పడక్కర్లేదు. ముందు మెమరీ చూడండి.

టెస్టుల విషయానికొస్తే.. జీలిబ్‌సీ, జీసీసీ, బైన్‌యుటిల్స్ టెస్టులు చాలా ముఖ్యమంటుంది పుస్తకం. వాటిలో కొన్ని ఫెయిల్ కావడం మామూలే. ఏవి ఫెయిల్ అయినా ఫర్వాలేదో కూడా అక్కడే రాసి ఉంటుంది. లిస్టులో లేనివి ఫెయిల్ అయితేనే ఆలోచించాలి.

మక్కీకి మక్కీ కాపీ కొట్టినా కుదరదు!

పుస్తకం ప్రకారం చెయ్యడం అంటే కళ్లు మూసుకుని కాపీ, పేస్ట్ చేయడం కాదు. కొన్నిచోట్ల 'ఎక్స్ ఎక్స్ ఎక్స్' అని ఉంటుంది. అక్కడ మీ పార్టిషన్ పేరు మీరే రాయాలి. టైమ్ జోన్ దగ్గర మన దేశంలో ఉన్నవాళ్లు 'ఆసియా, కోల్‌కతా' ఎంచుకోవాలి. కంప్యూటర్ పేరు, నెట్‌వర్క్ అడ్రస్ కూడా అంతే.

లాంగ్వేజ్ సెట్టింగ్‌లో తెలుగువాళ్లకు ఓ మాట. జీలిబ్‌సీలో తెలుగు లొకేల్ ఉంది. కానీ గ్రాఫిక్స్ లేని నల్లటి కన్సోల్ స్క్రీన్‌కు గుణింతాలు, ఒత్తులు కలిపి చూపించడం చేతకాదు. మెసేజ్‌లు గీతలూ డబ్బాలుగా కనిపించే ప్రమాదం ఉంది. అందుకే మొదట్లో ఇండియా ఇంగ్లిష్ లొకేల్ పెట్టుకుని, డెస్క్‌టాప్, ఫాంట్లు వచ్చాక తెలుగుకు మారడం సులువు.

ఇక అందరినీ ఏడిపించేది కెర్నల్. రోజుల తరబడి కష్టపడి, రీబూట్ కొట్టగానే 'రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ చేయలేకపోతున్నా' అంటూ కెర్నల్ ప్యానిక్ వస్తుంది. దీనికి సాధారణంగా రెండు కారణాలు. ఒకటి.. డిస్క్ డ్రైవర్‌ను, ఫైల్ సిస్టమ్‌ను కెర్నల్‌లో కలిపేయకుండా మాడ్యూల్‌గా పెట్టడం. పుస్తకం పద్ధతిలో ఇనిట్ ర్యామ్ ఎఫ్ఎస్ ఉండదు. మాడ్యూల్ ఏమో డిస్క్ మీద ఉంటుంది, డిస్క్ చదవాలంటే ఆ మాడ్యూలే కావాలి. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు! రెండోది.. గ్రబ్‌లో పార్టిషన్ పేరు తప్పు రాయడం. పెన్‌డ్రైవ్‌లో రెస్క్యూ లైనక్స్ ఉంచుకుంటే ఈ రెండూ సరిచేసుకోవచ్చు. మళ్లీ మొదటి నుంచి చేయక్కర్లేదు.

సోర్స్ నుంచి కడితే సేఫేనా?

'అంతా మన చేత్తో చేశాం కాబట్టి లోపల ఏ మోసం ఉండదు' అనే నమ్మకం చాలామందికి ఉంది. 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం ఆ నమ్మకాన్ని కుదిపేసింది. ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉన్నట్టు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ పట్టుకున్నారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ మామూలు కంటే అర సెకను ఎక్కువ తీసుకోవడం ఆయనకు తేడాగా అనిపించింది. అలా తీగ లాగితే డొంక కదిలింది. ఆ దొంగదారిని తెరిచే స్క్రిప్ట్ అందరూ చూసే గిట్ రిపోజిటరీలో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో ఉంది.

అంటే ఎండీ5 సరిపోలినంత మాత్రాన ఫైల్ మంచిదని కాదు. డౌన్‌లోడ్‌లో పాడవలేదని మాత్రమే అర్థం. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1980ల్లోనే తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఇంకో మెట్టు పైకి వెళ్లారు. సోర్స్ కోడ్ శుభ్రంగా ఉన్నా, దాన్ని కంపైల్ చేసే కంపైలరే మోసం చేయగలదని చూపించారు. ఎల్ఎఫ్ఎస్‌లో కూడా మొదటి కంపైలర్ హోస్ట్‌దే కదా!

ఇంకో సంగతి. ఇక్కడ ఒక్క బటన్‌తో అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్ ఉండదు. సెక్యూరిటీ లోపం బయటపడితే ప్రాజెక్టు ఇచ్చే అడ్వైజరీలు చూసుకుని మీరే మళ్లీ బిల్డ్ చేయాలి. ఆ ఓపిక లేకపోతే రోజువారీ పనికి, ముఖ్యంగా బ్యాంకింగ్‌కు దీన్ని వాడకపోవడమే మంచిది.

మరి సొంత ప్రయోగాలు ఎప్పుడు?

మొదటి బూట్ తర్వాత. ఒకసారి పుస్తకం ప్రకారం సిస్టమ్ నిలబడిందంటే, సరిగ్గా పనిచేసేది ఎలా ఉంటుందో మీ చేతిలో ఒక నమూనా ఉన్నట్టు. అప్పుడు కంపైలర్ ఫ్లాగ్ మార్చండి, కొత్త వెర్షన్ వేయండి, ఒక ప్యాకేజీ తీసేయండి. పాడైతే మీరు మార్చింది ఒక్కటే కాబట్టి కారణం ఇట్టే తెలుస్తుంది. మొదటిసారే పది మార్పులు చేస్తే, ఏది ముంచిందో ఎవరూ చెప్పలేరు. సాయం అడిగినా 'ముందు పుస్తకం ప్రకారం చేసి రండి' అనే సమాధానమే వస్తుంది.

ఈ పనంతా ఆటోమేటిక్‌గా చేసే టూల్ కూడా ప్రాజెక్టులో ఉంది. అది పుస్తకంలోని కమాండ్లనే తీసుకుని వరుసగా నడుపుతుంది. కానీ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదటిసారి చేత్తో చేయడమే మంచిది. డెస్క్‌టాప్, బ్రౌజర్ లాంటివి కావాలంటే 'బియాండ్ లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్' అనే రెండో పుస్తకం ఉంది.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

• ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లో బ్యాకప్ తీసుకున్నారా?
• పుస్తకం ఎడిషన్, డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీల వెర్షన్లు ఒక్కటేనా?
• హోస్ట్ చెకింగ్ స్క్రిప్ట్ అన్నీ ఓకే అందా?
• టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ఎల్ఎఫ్ఎస్ వేరియబుల్, యూజర్ పేరు చూసుకుంటున్నారా?
• రీబూట్ అయితే పార్టిషన్‌ను, ఆ తర్వాత డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫైల్ సిస్టమ్‌లను మళ్లీ మౌంట్ చేశాకే సీహెచ్ రూట్‌లోకి వెళ్తున్నారా?
• తాత్కాలిక టూల్స్ పూర్తయ్యాక ఒక బ్యాకప్ తీశారా? తర్వాత ఏం తేడా జరిగినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.